ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే మందు ఇచ్చేదాన్ని

ఫార్మసీ చదివి కొత్తగా కౌంటర్లోకి వచ్చే పిల్లల కోసం నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు నా దగ్గర లేవు. ఒక తప్పు ఉంది. ఆ తప్పు చేసింది నేనే, పట్టుకున్నదీ నేనే. పట్టుకున్న రోజున యాభై ఏడేళ్ళ వయసులో, ఈ మోకాళ్ళతో, క్యాంపస్ రోడ్డు మీద పరుగెత్తాను. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు. అందుకే అదే చెబుతాను. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నా.

మాది బాపట్ల వైపు. పెళ్ళయ్యాక తార్నాక వచ్చి, యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. నా చోటు ఒక కిటికీ. దానికి ఇనుప కడ్డీలు, కింద చెయ్యి పట్టేంత సందు. నా ఉద్యోగమంతా ఆ సందులోంచే నడిచింది. హాస్టల్ పిల్లలు, ప్రొఫెసర్లు, తోటమాలులు, మెస్ వాళ్ళు, అందరి చేతులూ నాకు తెలుసు. ముఖం చూడకుండా చెయ్యి చూసి మనిషెవరో, ఏ మందు వాడతారో చెప్పేదాన్ని. గొప్పలు చెబుతోందనుకుంటారేమో. అవును, గొప్పే. ఆ గొప్పే చివరికి కొంప ముంచింది.

కత్తెర

నాకు పని నేర్పింది రహమాన్ సాబ్. నేను చేరేనాటికి ఆయన సీనియర్ ఫార్మసిస్టు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక యాలక్కాయ. మొదటి వారమంతా నాకు కత్తెర పట్టుకోవడమే నేర్పాడు.

నవ్వకండి. మన దగ్గర మందు స్ట్రిప్పు మొత్తంగా ఇచ్చేది తక్కువ. డాక్టరు మూడు రాస్తే మూడు కత్తిరిస్తాం, ఐదు రాస్తే ఐదు. మందు పేరూ, గడువు తేదీ ఒక అంచునే అచ్చై ఉంటాయి. ఆ అంచు ఎవరి దగ్గర ఉండాలన్నదే అసలు సంగతి.

"బేటీ, పేరు, తేదీ ఉన్న అంచు ఎప్పుడన్న పేషెంటుకే పోవాలె. ఆయన ఏం మింగుతున్నడో ఆయనకు తెల్వాలె గద! పేరు లేని ముక్క మనకాడ మిగిల్తే పారెయ్. ఎవ్వరికియ్యకు," అనేవాడు.

నేను వినలేదు. స్ట్రిప్పు పారేయడానికి చేతులు రాలేదు. ఒక ముసలి తోటమాలికి పేరు లేని రెండు తెల్ల ముక్కలు, ఒకటి బీపీది, ఒకటి షుగరుది, కలిపి ఇచ్చేశాను. ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆయనకి తెలీలేదు, బీపీది రెండింతలు వేసుకుని కళ్ళు తిరిగి పడ్డాడు. రహమాన్ సాబ్ ఎండలో నడిచి ఆ తోటమాలి క్వార్టరుకి వెళ్ళి, మందులు మార్చి ఇచ్చి వచ్చాడు. వచ్చాక కత్తెర నా చేతిలో పెట్టి, "కన్ను ముందర పోవాలె, కత్తెర ఎనకాల రావాలె," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నుంచే చదువు రానివాళ్ళకి స్ట్రిప్పు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. పొద్దున వేసుకునేదానికి సూర్యుడు, రాత్రి వేసుకునేదానికి చంద్రుడు. పిల్లలు నన్ను "సూర్యుడు మేడం" అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరిస్తే వెక్కిరించారు, మందు మాత్రం సరిగ్గా పడేది.

నా సొంత రూలు

రహమాన్ సాబ్ రిటైరయ్యాక కిటికీకి నేనే రాణిని. రాణి అన్నాక చట్టాలుండాలి కదా! ఒకటి చేశాను. "మందు అయిపోతే ఖాళీ స్ట్రిప్పు పట్టుకురండి. నోటితో చెబితే ఇవ్వను." ఎందుకంటే అందరూ "గుండ్రటి తెల్ల గోళీ", "పోయినసారి ఇచ్చిన్రు చూడు, అదే" అంటూ వచ్చేవాళ్ళు. ఖాళీ స్ట్రిప్పు చూస్తే పేరు కళ్ళముందే ఉంటుంది, పొరపాటుకి తావుండదు. డాక్టరుగారు కూడా బాగుందమ్మా అన్నారు. నేను రెండు రోజులు గాల్లో తేలాను.

అందులో ఉన్న బొక్క నాకు ఏళ్ళ తరబడి కనిపించలేదు. డాక్టరు రాసే చీటీలో మందు పేరు ఉంటుంది, ఎన్ని రోజులో కూడా ఉంటుంది. ఖాళీ స్ట్రిప్పులో పేరే ఉంటుంది.

నర్సింహ ఆ బొక్కలోంచే వచ్చాడు. ఒక హాస్టల్ మెస్‌లో వంటమనిషి. నలభై దాటిన మనిషి, భుజాలు వెడల్పు, ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. ఒకరోజు సాంబారు గుండిగ దించుతుంటే అవతల పట్టుకున్నవాడు జారాడు, బరువంతా ఇతని నడుం మీద పడింది. నిటారుగా నిలబడలేకపోయాడు. డాక్టరుగారు ట్రమడాల్ రాశారు. నల్లమందు జాతి నొప్పి గోళీ అది. పనిచేస్తుంది, అలవాటూ చేస్తుంది. చీటీ మీద స్పష్టంగా ఐదు రోజులే అని ఉంది. నేను కత్తిరించి, సూర్యుడూ చంద్రుడూ వేసి ఇచ్చాను.

ఆరో రోజు ఖాళీ స్ట్రిప్పుతో వచ్చాడు. "మేడం, మీ రూలు ప్రకారం తెచ్చిన," అన్నాడు నవ్వుతూ. నాకు ముచ్చటేసింది. ఇచ్చాను.

మళ్ళీ వచ్చాడు, ఇచ్చాను. నడుం నొప్పి మనిషి, వెయ్యిమందికి వండేవాడు, పాపం అనుకున్నాను. ఈ మందుకి విడిగా ఒక రిజిస్టరుంటుంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, రాసిన డాక్టరు పేరు ఎక్కించాలి. ప్రతిసారీ ఆ మొదటి చీటీ రాసిన డాక్టరు పేరే ఎక్కించాను. అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. నాకు మనిషి తెలుసు, చెయ్యి తెలుసు, మందు తెలుసు. పిల్లలూ, "నాకు తెలుసు" అనే మాట మీ నోట వచ్చిన రోజు ఒకసారి ఆగండి.

సెలవుల జ్వరం

నర్సింహకి ఒక వింత జబ్బు ఉండేది. ఎప్పుడు సెలవులకి జనగామ దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళొచ్చినా జ్వరంతో వచ్చేవాడు. జలుబు, విరేచనాలు, ఒళ్ళు నొప్పులు. నేను ఆటపట్టించేదాన్ని. "ఏవయ్యా, మీ అత్తగారు ఏం పెడుతోంది నీకు? సెలవొస్తే చాలు మంచం ఎక్కుతున్నావు?"

"ఊరి నీళ్ళు పడ్తలేవు మేడం," అనేవాడు.

ఏప్రిల్లో వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. నాలుగో రోజు పొద్దున కిటికీ తెరిచేసరికి లైన్లో మొదటివాడు నర్సింహ. ఖాళీ స్ట్రిప్పు సందులోంచి లోపలికి తోశాడు. నేను చూడకుండానే కొత్తది తీశాను. అంతటి అలవాటు.

"జర జల్ది ఇయ్యుండ్రి మేడం," అని ఆవులించాడు. మళ్ళీ ఆవులించాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది. బయట నిప్పులు చెరిగే ఎండ. అతని ముంజేతి మీద వెంట్రుకలన్నీ నిక్కపొడుచుకుని ఉన్నాయి, చలికి వణికినట్టు! కాళ్ళు ఒక్కచోట నిలవడం లేదు. నేను స్ట్రిప్పు ఇచ్చేశాను, అతను లాక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాతి పిల్లవాడు ఏదో అడుగుతున్నాడు. నాకు వినపడలేదు. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన జవాబొకటి నా తలలో మోగుతోంది: ఆవులింతలు, కన్నీరు, ముక్కు కారడం, రోమాలు నిక్కపొడుచుకోవడం, విరేచనాలు, కాళ్ళు నిలవకపోవడం. నల్లమందు జాతి మందు అలవాటైన మనిషికి అది అందకపోతే కనిపించే లక్షణాలు. ముప్పై అయిదేళ్ళ కిందట బట్టీ పట్టిన జవాబు ఇప్పుడు నా కిటికీ ముందు నిలబడి ఆవులించి వెళ్ళింది!

ఓరి దేవుడా! సెలవుల జ్వరం! ఊళ్ళో ఈ గోళీ దొరకదు, అదీ సంగతి! ఊరి నీళ్ళూ కాదు, అత్తగారి వంటా కాదు. నా గోళీ!

"ఇప్పుడే వస్తా," అని లైనుకి చెప్పి, కత్తెర బల్లమీద పడేసి పరుగెత్తాను. చెప్పులు జారుతుంటే చేత్తో పట్టుకున్నాను. పిల్లలు బైకులు ఆపి చూస్తున్నారు, ఫోన్లలో తీసి ఉంటారు కూడా. భయమూ ఉంది, కానీ అబద్ధం ఎందుకు, లోపల ఒక ఉత్సాహం పొంగుతోంది. నెలల తరబడి కళ్ళముందున్న చిక్కుముడి ఒక్క లాగుతో విడిపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది.

పొయ్యి పక్కన

మెస్ వెనక గుమ్మంలోంచి వెళ్ళేసరికి అతను నూనె మూకుడు ముందు నిలబడి ఉన్నాడు. అతని భార్య బాలమణి పక్కన చపాతీలు వత్తుతోంది. ఇద్దరిదీ అక్కడే పని.

"రోజుకి ఎన్ని వేస్తున్నావు నర్సింహా?"

"మీరు చెప్పినట్టే మేడం. సూర్యుడొకటి, చంద్రుడొకటి."

"నా దగ్గర బుకాయించకు."

గరిటె పక్కన పెట్టాడు. "లెక్క తెల్వదు. లేవంగనే ఒకటి. పప్పు ఎక్కించేముందు ఒకటి. అన్నం అయినంక రెండు. గిన్నెలు దించేముందు..." అని ఆగిపోయాడు. ఆ లెక్కన నేనిచ్చేవి చాలవు. తార్నాకలో మందుల షాపుల్లో కూడా ఖాళీ స్ట్రిప్పు చూపించి కొంటున్నాడు. నా రూలు రోడ్డు మీదకి కూడా నడిచిపోయింది.

"ఇది నీకు అలవాటైపోయిందయ్యా," అన్నాను.

మొహం ఎర్రగా అయింది. "ఏంది మేడం గట్లంటరు? నేనేమన్న తాగుబోతునా? కల్లు గూడ ముట్టనోన్ని! గిది నొప్పి గోళీ, మీరిచ్చిన గోళీ!"

బాలమణి చపాతీ కర్ర పట్టుకునే లేచింది. "చెప్పు, మేడంకు చెప్పు! సెలవులంటె పిల్లలు ఎగుర్తరు, నాకు గుండె దడ మేడం. ఊర్ల రెండో దినం నుంచి ఈయన మనిషి కాదు. రాత్రంత కాళ్ళు కొట్టుకుంటడు. నేను దయ్యం పట్టిందనుకున్న."

నేను ఆ మూకుడు వైపు చూశాను. ఈ మందు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. అతను నిలబడేది కాగే నూనె ముందు. ఉన్నపళంగా ఆపేస్తే మనిషి నిలబడలేడు. మత్తు అలవాటని మెస్ మేనేజరు చెవిన పడితే, కాంట్రాక్టు పని, మర్నాడే ఇంకొకడొస్తాడు. ఈ మనిషి పడకుండా, పని పోకుండా బయటపడాలి.

డాక్టరుగారి ముందు

నన్నడిగితే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన నడక ఆ మెస్ నుంచి డాక్టరుగారి గది దాకా. రిజిస్టరు పట్టుకెళ్ళి ఆయన ముందు తెరిచాను. "ఇన్నిసార్లు మీ పేరు రాశాను. మీరు రాసింది ఒక్కసారే."

ఆయన మితభాషి. ఒక్కో పేజీ తిప్పుతూ తేదీల మీద వేలు పెట్టి చూసుకున్నారు. ఇవాళ్టితో నా ఉద్యోగం సరి అనుకున్నాను. చివరికి తలెత్తి, "సెలవుల జ్వరానికి ప్రతిసారీ పారాసెటమాల్ రాసింది నేనే కదమ్మా. నేనూ అడగలేదు," అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. పైవాళ్ళకి జరిగింది జరిగినట్టు ఇద్దరం రాసిచ్చాం. నాకు మెమో వచ్చింది, రావాలి కూడా.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులతో మాట్లాడి ఆయన ఒక పద్ధతి రాశారు. ఒక్కసారిగా ఆపడం లేదు, కొంచెం కొంచెం తగ్గించడం. స్ట్రిప్పులు చేతికివ్వడం బంద్. రోజూ పొద్దున తొమ్మిదింటికి నా కిటికీ దగ్గరికి రావాలి, ఆ రోజుది ఆ రోజే. సెలవు రోజులవి బాలమణి చేతికి. నడుముకి వ్యాయామాలు. మేనేజరుకి "నడుము చికిత్సలో ఉన్నాడు, బరువులు, పొయ్యి పని కొన్నాళ్ళు వద్దు" అని ఉత్తరం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నర్సింహని కూరగాయలు తరగడానికి మార్చారు.

"ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చివ్వు," అన్నాను. సంచీ తెచ్చి కిటికీ దగ్గర గుమ్మరించాడు. అన్నీ ఇచ్చేశానని పిల్లల మీద ఒట్టేశాడు.

తార్నాకలో నా షికారు

ఆ సాయంత్రం నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఒక ఖాళీ స్ట్రిప్పు పర్సులో పెట్టుకుని బయలుదేరాను. తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు మెట్రో పిల్లర్ల కింద నడుస్తూ, కనబడిన మందుల షాపల్లా ఎక్కాను. స్ట్రిప్పు చూపించి "ఇది కావాలి" అంటే చాలు. ఒకాయన ఫోను చెవికి ఆనించుకునే ఇచ్చేశాడు. ఇంకొకాయన "ఒకటేనా ఆంటీ, రెండు తీసుకోండి" అన్నాడు! నన్ను నేనే అద్దంలో చూసుకున్నట్టుంది. వాళ్ళని తిట్టడానికి నోరు రాలేదు, నేను చేసిందీ అదే కదా.

ఆఖరి షాపులో ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో, కోటు భుజాల మీద వేలాడుతోంది.

"చీటీ ఏది ఆంటీ?"

"స్ట్రిప్పుందిగా!"

"స్ట్రిప్పు పేరు చెప్తది, ఎందుకో చెప్పదు గద. చీటీ లేకుంట ఇయ్య."

"నడుం విరిగిపోతోందే తల్లీ!" అని మూలిగాను, ఎంత నటించాలో అంత నటించాను.

"కూసోండి, నీళ్ళు తాగండి. మా ఓనరుకు చెప్పుకోండి పోయి. నేనైతె ఇయ్య."

కౌంటరు మీదుగా వంగి ఆ పిల్లని వాటేసుకున్నాను! బిత్తరపోయింది. నాకు ముప్పై ఏళ్ళు పట్టిన ముక్క ఈ పిల్ల ఇరవై రెండేళ్ళకే చెబుతోంది. ఇదంతా నేను రాస్తున్నది ఆ పిల్లలాంటి మీకోసమే. మీరు కాదన్నప్పుడు ఎదుటివాళ్ళు కోప్పడతారు. కోప్పడనివ్వండి, కానీ కుర్చీ వేసి నీళ్ళివ్వండి.

తొమ్మిది గంటలు

మొదటి రెండు వారాలు బాగానే వచ్చాడు. మూడో వారం మందు ఇంకాస్త తగ్గించిన రోజున, వెనక లైను నిండా పిల్లలుండగా కడ్డీలు పట్టుకుని ఊపేశాడు.

"మీరే ఇచ్చిండ్రు! మీరే గుంజుకుంటుండ్రు! నేను మనిషినా, కుక్కనా?"

నేను కత్తెర కింద పెట్టాను. "అవునయ్యా. నేనే ఇచ్చాను," అన్నాను. "రేపు తొమ్మిదింటికి రా."

వస్తాడా? మర్నాడు ఎనిమిదిన్నర నుంచే కిటికీలోంచి మెడ చాపి చూస్తున్నాను. తొమ్మిదైంది. తొమ్మిదీ పది. సందులోంచి మచ్చల చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి చూసి నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ.

అలా తగ్గిస్తూ, ఒక్కోసారి డాక్టరుగారు అక్కడే ఆపి, మళ్ళీ తగ్గిస్తూ, వానాకాలం ముగిసేసరికి మందు లేకుండా నిలబడ్డాడు. నడుం నొప్పి పూర్తిగా పోలేదు. "ఉన్నది మేడం, గని నేనే దానికి పెద్దన్నను," అనేవాడు.

అసలు పరీక్ష దసరా సెలవులు. నర్సింహ వాళ్ళందరూ ఊరికి వెళ్ళారు, రాగానే తొమ్మిదింటికి ఒకసారి కనిపించమన్నాను. సెలవులైన పొద్దున నేను కిటికీ దగ్గర కూర్చోలేకపోయాను. తొమ్మిదైంది, రాలేదు. తొమ్మిదిన్నర, రాలేదు. మళ్ళీ జ్వరమేనా? పది గంటలకి బాలమణి, నర్సింహ ఇద్దరూ వచ్చారు. అతని చేతిలో కాగితంలో చుట్టిన సర్వపిండి.

"బస్సు దొరకలే మేడం," అన్నాడు.

"ఆ మాట సరే, జ్వరం?"

బాలమణి అందుకుంది. "జ్వరమా! నాలుగు దినాలు గుర్రుపెట్టి పండిండు మేడం! ఆ గురకకు నాకు నిద్ర లేదు!"

కత్తెర పైకెత్తి కేక వేశాను. లైనంతా ఉలిక్కిపడింది. డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చి, సంగతి విని, సర్వపిండి ముక్క తుంచుకుని లోపలికి వెళ్ళారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

ఆఖరి కత్తిరింపు

నేను రిటైరైన రోజున సాయంత్రం సన్మానం అన్నారు. నేను పొద్దున మామూలుగానే కిటికీ తెరిచాను. తొమ్మిదింటికి సందులోంచి మచ్చల చెయ్యి వచ్చింది. అందులో ఒక స్ట్రిప్పు.

ఖాళీ స్ట్రిప్పు కాదు. నిండుది. ఒక్క గోళీ కూడా చిదమలేదు. దాని మీద వెలిసిపోయిన ఎర్ర గీతలతో నా సూర్యుడు, నా చంద్రుడు.

"ఇదేంటి నర్సింహా?"

"గా రోజు అన్నీ ఇచ్చిన అన్న గద మేడం. అబద్ధం. గిదొక్కటి బియ్యం డ్రమ్ముల దాచిన. మల్ల అవసరం పడ్తదేమో అని."

"ఎప్పుడైనా తీశావా?"

"మీ మీద లొల్లి చేసిన రోజు తీసిన. చేతుల పట్టుకొని కూసున్న. రేపు తొమ్మిదింటికి రా అన్నరు గద. తొమ్మిదిదాంక చూద్దాం అనుకున్న." తల గోక్కున్నాడు. "తర్వాత గూడ మస్తుసార్లు తీసిన. పెట్టిన."

"మరి ఇవాళ ఎందుకు తెచ్చావు?"

"తేదీ చూడుండ్రి."

అంచు వెలుతురుకి పట్టి చూశాను. పోయిన నెలతో గడువు దాటిపోయింది.

"ఇగ పనికి రాదు గద మేడం?"

"పనికి రాదయ్యా," అన్నాను. "అస్సలు పనికి రాదు!"

రహమాన్ సాబ్ చెప్పినట్టు ముందు కన్నుతో చూసి, తర్వాత కత్తెర పెట్టాను. పేరూ తేదీ ఉన్న అంచు ఒక్కటే కత్తిరించి సందులోంచి అతని చేతిలో పెట్టాను. గోళీలన్నీ నా దగ్గరే ఉంచుకున్నాను.